పెద్దలు సైకిలు నేర్చిన చరిత్ర

మన పల్లెలలో సైకిలు త్రొక్కుటను ఎవ్వరును ఒక విద్యగా నెంచరు. చెట్టెక్కుట, బావిలో ఈదుట వలె అది పసితనమున దానంతట నదియే అబ్బునని, అప్పుడు అబ్బనివారికి ఇక అబ్బదని మన నమ్మకము. నలువదేండ్లు దాటిన రైతు, అందును ఒక యిల్లాలు, తనకు సైకిలు నేర్పుమని అడిగినచో ఊరు నవ్వును. ఆ నవ్వునకు జంకి అడుగనివారే పెక్కుమంది. వారు ప్రొద్దుటూరు అంగళ్ళకు పోవలెనన్నను, జమ్మలమడుగు ఆసుపత్రికి పోవలెనన్నను, పులివెందులలో కచ్చేరి పని చూచుకొనవలెనన్నను బస్సుకొఱకో, ఆటోకొఱకో, కొడుకు తీరికకొఱకో కాచుకొని కూర్చుందురు.

చరిత్ర చూచినచో ఈ నమ్మకము తలక్రిందులుగా నున్నది. సైకిలు పుట్టిన తొలి యెనుబదేండ్లలో దానిని నేర్చినవారు చాలవఱకు పెద్దవారే. వారికి గురువులుండిరి, సాధనశాలలుండెను, ఇంత పాఠమునకు ఇంత రుసుమని కట్టడి యుండెను. అయితే ఆ గురువులు నేర్పినది చక్రముపై నిలుచు విద్య మాత్రమే. బండ్లు, గుఱ్ఱములు, మనుష్యులు తిరుగాడు బాటమీద ఎట్లు పోవలెనో నేర్పువారు అప్పుడును అరుదు, ఇప్పుడును అరుదు. ఒకటి కూర్చుండుట, రెండవది సాగుట. ఈ రెండు పోగులను విడివిడిగా పట్టుకొన్నగాని ఈ చరిత్ర చిక్కు వీడదు.

1817 జూన్ నెలలో జర్మనీ దేశమందలి మన్‌హైము నగరమున కార్లు ద్రైసు అను అటవీశాఖ యుద్యోగి రెండు కొయ్య చక్రములను ఒకదానివెనుక నొకటి బిగించి, నడుమ పలకమీద కూర్చుండి, కాళ్ళతో నేలను తన్నుకొనుచు బయలుదేరెను. దానికి పెడలు లేదు, గొలుసు లేదు. రెండేండ్లు తిరుగకముందే లండనులో డెనిస్ జాన్సను అను బండ్ల పనివాడు అట్టిదానినే మెఱుగుపఱచి అమ్మసాగెను. అమ్మి ఊరకుండక, కొన్నవారికి నేర్పుటకు 1819లో సాధనశాలలను కూడ తెఱచెను. నేర్వవచ్చినవారు మీసములు వచ్చిన దొరబిడ్డలు. వారు సాధనశాలలో చక్కగా పోయిరి; వీధిలోనికి వచ్చుసరికి గాడులు పడిన బాటలమీద చక్రము నిలువక, నడచువారి కాలిబాటల నెక్కిరి. నడచువారు మొఱపెట్టుకొనిరి, న్యాయాధికారులు జుల్మానాలు విధించిరి, ఆ వేడుక కొలది కాలములోనే చల్లారెను. సైకిలు చరిత్రలో తొలి పాఠశాల యెంత పాతదో, తొలి రద్దీ తగవును అంత పాతదే.

1860 దశకమున పారిసు నగరమున ముందుచక్రమునకు పెడళ్ళు తగిలించిరి. 1869 నాటికి న్యూయార్కు మొదలగు అమెరికా పట్టణములలో ఆ బండిని నేర్పు శాలలు వెలసెను. తరువాత ముందుచక్రము మనిషి రొమ్మెత్తు పెరిగిన బండి వచ్చెను. దానినుండి పడినవాడు తలక్రిందుగా పడెడివాడు. ఆ బండిని 1884 ప్రాంతమున, యేబదికి చేరువైన వయస్సున, నేర్చుకొన్న ప్రసిద్ధుడు మార్కు ట్వేను అను అమెరికా హాస్యరచయిత. సైకిలుతోపాటు నొప్పుల మందును పీపాడు కొంటినని అతడు పరిహాసముగా వ్రాసెను గాని, ఆ వ్రాతలో రెండు సూక్ష్మములు కలవు. బండి యే ప్రక్కకు ఒరుగుచున్నదో ఆ ప్రక్కకే ముందుచక్రమును త్రిప్పవలెను. మనస్సు దీనిని నమ్మదు, శరీరము అంతకన్న నమ్మదు; ఎదురు ప్రక్కకు త్రిప్పి పడుదుము. ఇది మొదటిది. ఇక రెండవది, ఇంటి వెనుక పెరటిలో గురువు దగ్గఱ నేర్చిన విద్య వీధిలోనికి వచ్చుసరికి చాలకపోవుట. వీధిలోని రాయి చిన్నదే. దానిని తప్పించుకొందమని దానినే చూచుచు పోయి, సరిగా దానిమీదికే ఎక్కించెడివాడు. చూపు ఎక్కడనో చక్రము అక్కడ. నేటికిని పెద్దవారు నేర్చునప్పుడు గోడకో, గేదెకో గుద్దుకొనుటకు కారణము చూపు దానిమీద నిలుచుటయే.

1885లో ఇంగ్లండులోని కావెంట్రీ నగరమున జాన్ కెంపు స్టార్లీ రెండు చక్రములును ఇంచుమించు సమానముగా నుండి, వెనుకచక్రమును గొలుసు త్రిప్పు సైకిలును సిద్ధము చేసెను. నేడు మన యిండ్ల ముందున్నది ఆ రూపమే. 1888లో బెల్‌ఫాస్టు నగరపు పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి నింపిన రబ్బరు గొట్టమునకు హక్కు పత్రము పొందెను. ఇక నేర్వగోరువారు వెల్లువగా వచ్చిరి. వారిలో ఇద్దరను చెప్పి సాగెదను.

ఒకరు ఫ్రాన్సెస్ విల్లర్డు. అమెరికాలో మద్యపానమునకు ఎదురుగా స్త్రీలను కూడగట్టిన నాయకురాలు. ఆమె యేబదిమూడవ యేట, ఆరోగ్యము సన్నగిల్లిన కాలమున, సైకిలు నేర్చి, ఆ నేర్చిన క్రమమునే 1895లో చిన్న పుస్తకముగా ప్రకటించెను. దినమునకు పావుగంట చొప్పున మూడు నెలల సాధన. ఆమె లెక్కకట్టి చూచుకొనగా మొత్తము ఇరువదిరెండు గంటలు మాత్రమే. మొదట ఇద్దరు ముగ్గురు పట్టుకొనిరి, తరువాత ఒకరు, తరువాత ఎవ్వరును లేరు. రెండవవారు రష్యా దేశపు మహారచయిత టాల్‌స్టాయి. ఆయన అదే 1895లో, అరువదియేడవ యేట, మాస్కో నగరమున గుఱ్ఱపుస్వారి సాధనశాలలో సైకిలు నేర్చెను. ఆ వయస్సున ఆ పని తగునా యని ఆయనను తప్పుపట్టినవారును లేకపోలేదు. నవ్వు మన యూరిలోనే పుట్టలేదన్నమాట!

మఱి ఆ పాఠశాలలేమయ్యెను? సైకిళ్ళ వెల తగ్గెను, సైకిలు బీదవాని బండి యయ్యెను, ధనికులు మోటారు కార్లకు మఱలిరి. రుసుమిచ్చి నేర్చువారు లేక శాలలు మూతపడెను. ఇంటింట సైకిలుండుటచేత పిల్లలు తమంతట తాము నేర్వసాగిరి. రెండు తరములు గడచుసరికి, ఇది పిల్లలకు వచ్చు విద్య గాని పెద్దలకు నేర్పు విద్య కాదని లోకము తీర్మానించుకొన్నది. మన దేశమునకు సైకిలు సామాన్యుల చేతికి వచ్చినది సరిగా ఈ మఱపు కాలములో. కావున బండి వచ్చెను గాని గురువు రాలేదు.

మొదట వచ్చినవి ఇంగ్లండు బండ్లు: ర్యాలీ, హంబరు, హెర్క్యులిస్. 1949లో మద్రాసు చెంత అంబత్తూరున టి. ఐ. సైకిళ్ళ కంపెనీ, 1956లో లూధియానాలో హీరో సైకిళ్ళ కంపెనీ వెలసిన తరువాత స్వదేశపు సైకిలు పల్లెలకు చేరెను. సొంతమునకు కొనలేనివారికి బాడుగ సైకిళ్ళ అంగళ్ళుండెడివి. గంట లెక్కన బాడుగ; పలకమీద పేరు, తీసికొన్న వేళ. కుఱ్ఱవాడు చిల్లర కూడబెట్టి సైకిలు బాడుగకు తెచ్చి, ఎండిన చెరువులోనికో బడి మైదానమునకో నడిపించుకొని పోవును. సీటెక్కినచో కాళ్ళందవు గనుక నడుమ కడ్డీ క్రిందుగా కాలు దూర్చి త్రొక్కును. జతగాడు వెనుక క్యారియరు పట్టుకొని పరుగెత్తి, చెప్పకుండ విడిచిపెట్టును. వీడు కొంత దూరము పోయి, వెనుక ఎవ్వరును లేరని తెలిసిన క్షణమున పడును. మోకాటి చర్మము పోయినది, విద్య వచ్చినది. పదేండ్లవాని యెముక అందుకు ఓర్చును. నలుబదియైదేండ్ల యెముక ఓర్వదు. పెద్దవారు నేర్వకపోవుటకు వారి మొద్దుతనము కారణము కాదు. మనకు తెలిసిన ఏకైక పద్ధతి పడుట యగుటయే కారణము.

ప్రభుత్వము మాట యేమి? మద్రాసు రాష్ట్రపు కాలమున పురపాలక సంఘములు సైకిలునకు పన్ను గట్టించుకొని బిళ్ళ నిచ్చెడివి. 1915లో పురపాలక సంఘమేర్పడిన ప్రొద్దుటూరువంటి పట్టణమునకు పల్లెనుండి వచ్చువాడు, సందె వేళకు ఊరు దాటకపోయెనా, దీపముకొఱకు వెదకుకొనవలసినదే. దీపము లేకున్నను, వెనుక నొకరిని ఎక్కించుకొన్నను పోలీసువారు పట్టుకొనెడివారు. దీపము మంచిదే, బిళ్ళయు కానిండు. కాని ఎడమ ప్రక్కన ఎంత దూరములో పోవలెను, కుడివైపు తిరుగుటకు ముందు ఏమి చేయవలెను అని అడిగినవారు లేరు, చెప్పినవారు లేరు. 1939 నాటి మోటారు వాహనముల చట్టము మోటారు నడుపువానికి పరీక్షయు లైసెన్సును కావలెనని నిర్ణయించెను. అదే బాటమీద ఆ మోటారు ప్రక్కన పోవు సైకిలువానికి పాఠమును లేదు, పరీక్షయు లేదు. పరీక్ష లేకుండుట మేలని నేనందును. ఉన్నచో బీదవాని బండికి మఱియొక లంచపు గడప తోడగును. పాఠము లేకుండుట మాత్రము పెద్ద కొఱత.

ఆ కొఱత అప్పట్లో అంతగా కనబడలేదు. ఎడ్లబండి, జట్కా, నడచువారు, మందలు. అన్నిటిలోను వేగము గలది సైకిలే. సైకిలువాడు బెల్లు కొట్టగా తక్కినవారు తప్పుకొనెడివారు. నెల్లూరు జిల్లా అలగానిపాడున పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్యగారు 1952లో రాజ్యసభ సభ్యులైన పిమ్మట ఢిల్లీలో పార్లమెంటునకు సైకిలుమీద పోవుచుండిరనుట తెలుగువారందరు చెప్పుకొను మాట. రాజధాని రోడ్లే ఆనాడు అట్లుండినవి.

నేడు మన సంగతి చూడుడు. కృష్ణపట్నము రేవునుండి నెల్లూరు, బద్వేలు, మైదుకూరు మీదుగా వచ్చు 67వ సంఖ్య జాతీయ రహదారి ప్రొద్దుటూరు, జమ్మలమడుగులను తాకి తాడిపత్రి, బళ్ళారి దిక్కునకు పోవుచున్నది. ఎఱ్ఱగుంట్ల చుట్టుపట్ల సిమెంటు కర్మాగారముల లారీలు, నాపరాతి బండల లారీలు, బస్సులు, ఆటోలు, కఱ్ఱుగొఱ్ఱులు తగిలించుకొన్న ట్రాక్టర్లు, అన్నిటి సందులలో మోటారు సైకిళ్ళు. ఒకనాడు బాటమీద అన్నిటికన్న వేగముగా పోయిన సైకిలు నేడు అన్నిటికన్న మెల్లగా పోవునది. 2022వ సంవత్సరమున మన దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది యని కేంద్ర ప్రభుత్వపు లెక్క. వారిలో సైకిలువారు కొలదిమందియే కావచ్చును. కాని సైకిలువాని చుట్టు ఇనుప గోడ లేదు, తగిలిన దెబ్బ తిన్నగా దేహమునకే తగులును.

ఈ కష్టము తక్కిన దేశములకు మనకన్న ముందే వచ్చెను. ఇంగ్లండులో 1947లో పిల్లలకు సైకిలు నేర్పు పథకమును ప్రారంభించి, పరీక్షించి యోగ్యతా పత్రముల నిచ్చిరి. 2007 నుండి దానిని బైకబిలిటీ యను పేర మూడు మెట్లుగా మార్చిరి. మొదటి మెట్టు మైదానములో, రెండవది సద్దు తక్కువగల వీధులలో, మూడవది రద్దీ రోడ్డుమీద. నేను మొదట చెప్పిన రెండు పోగులును అక్కడికి ముడిపడినవి.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున జాన్ ఫారెస్టరు అను ఇంజనీరు ఇంకొక త్రోవను పట్టెను. తన యూరు పాలో ఆల్టోలో సైకిళ్ళను కాలిబాటలమీదకు మళ్ళింపజూచినప్పుడు అతడు ఎదురు తిరిగెను. 1976లో ప్రకటించిన గ్రంథమున అతని వాదన యిది: సైకిలువాడు బాటకు అంచున నక్కి పోవు అపరాధి వలె కాక, బండి నడుపు తక్కినవారివలెనే వరుసలో చోటు తీసికొని పోవలెను, అట్లు పోవుటను పెద్దవారికి నేర్పవచ్చును. అతని మాటలో సగము బంగారము. సగము మాత్రము మన కక్కఱకు రాదు. బలముగల యువకుడు వేగముగా త్రొక్కి మోటార్ల నడుమ చోటు తీసికొనగలడు. వెనుక గడ్డిమోపు, ముందు పాలక్యాను కట్టుకొన్న అరువదేండ్ల మనిషికి ఆ వేగమెక్కడిది? అట్టివానికి వేఱు దారి వేయవలసినదే, మోటారు వేగమును తగ్గింపవలసినదే. అది ప్రభుత్వము పని, ఎప్పుడగునో తెలియదు. నేర్పు పని ఊరి చేతిలోనిది.

ఊరి చేతిలోనిదని చెప్పుటకు దృష్టాంతము కావలెనన్న సముద్రములు దాటనక్కఱలేదు. తమిళనాటిలో పుదుక్కోట్టై యను జిల్లా కలదు. 1948 వఱకు సంస్థానముగా నుండిన చోటు. మన కడప మెట్టభూముల వలెనే వానకు ముఖము వాచినది, రాతి క్వారీలు గలది. 1991లో అక్కడ అఱివొళి యియక్కము అను అక్షరాస్యతా ఉద్యమము సాగెను. అప్పటి కలెక్టరు షీలా రాణీ చుంకత్తుగారికి తోచిన దేమనగా, పలకా బలపము పట్టించినంత మాత్రమున చాలదు, ఆడువారికి కాలు కదలవలెను అని. చదువు చెప్పు కార్యకర్తలలో స్త్రీలు పెక్కుమంది. వారు ఊరూరు తిరుగవలెనన్న మగవారి సైకిళ్ళ వెనుక కూర్చుండవలసి వచ్చెను. కావున ముందు వారికి, వారిని చూచి చదువుకొనవచ్చిన వారికి సైకిలు నేర్పుట ఉద్యమములో భాగమయ్యెను.

నేర్వవచ్చినవారు బడిపిల్లలే కారు. పొలము కూలీలు, క్వారీలలో రాళ్ళు కొట్టువారు, పల్లె నర్సులు, అంగన్‌వాడీ పనివారు, ఉపాధ్యాయినులు. నేర్చినవారు మఱియొకరికి నేర్పిరి. మొదట త్రోవప్రక్క నిలిచి కాఱుకూతలు కూసిన మగవారుండిరి. ఆడువారి సంఖ్య పెరిగిన కొలది ఆ కూతలు అణగెను. వట్టి మాటలతో పోనీయక, స్త్రీలు సైకిళ్ళు కొనుటకు బ్యాంకుల చేత అప్పులిప్పించిరి. సైకిలు పాటలు కట్టి పాడిరి. నేర్చిన విద్యను పదిమంది యెదుట చూపు ప్రదర్శనలలో డెబ్బదివేలకు పైబడిన స్త్రీలు పాల్గొనిరి. పి. సాయినాథుగారు ఆ జిల్లాలో తిరిగి, కన్నదానిని పత్రికలోను, తరువాత 1996 నాటి తన గ్రంథములోను వ్రాసిరి.

అందులో నాకు మిక్కిలి నచ్చిన చిన్న సంగతి యొకటి కలదు. ఆడువారి సైకిళ్ళు చాలినన్ని దొరకక, పలువురు నడుమ కడ్డీగల మగవారి సైకిళ్ళమీదనే నేర్చిరి. పిదప కొందఱు అవియే మేలనిరి. ఆ కడ్డీమీద బిడ్డను కూర్చుండబెట్టుకొనవచ్చునట! మన వయస్సువారు ఆ కడ్డీని ఆడువారికి అడ్డంకి యని జన్మమంతయు అనుకొంటిమి. అది ఆ తల్లులకు తొట్టిలయ్యెను.

సైకిలు వచ్చినందువలన వారికి కలిగిన లాభము లెక్కలకందునది కూడ. పండిన కాయగూరలను ఇంకొక యూరి సంతకు తామే కొంపోవగలిగిరి. బస్సు నిలుచు చోటికి దిగవిడుచుటకు తండ్రినో, అన్ననో, మగనినో బ్రతిమాలవలసిన పని తప్పెను. నీరు తెచ్చుట, బిడ్డను వైద్యుని దగ్గఱకు కొంపోవుట, అన్నిటను గంటలు మిగిలెను.

అదే కాలమున మన పొరుగున నెల్లూరు జిల్లాలోను అక్షరాస్యతా ఉద్యమము సాగెను. 1992లో దూబగుంటనుండి లేచిన సారా వ్యతిరేకోద్యమము ఆ చదువుల గుడిసెలలోనే మొలకెత్తినదని అందరు నెఱుగుదురు. నూఱేండ్ల క్రిందట మద్యమునెదిరించిన విల్లర్డు సైకిలు నేర్చినది. మన యాడువారు సారా నెదిరించిరి గాని వారికి సైకిలు నేర్పవలెనని ఎవ్వరికిని తోచలేదు. పుదుక్కోట్టైకి తోచినది. తేడా అంతే.

తరువాతి కాలమున ప్రభుత్వములు సైకిళ్ళను పంచుటకు పూనుకొనెను. బీహారు రాష్ట్రము 2006లో బడికిపోవు బాలికలకు సైకిళ్ళ పథకము పెట్టెను. మన రాష్ట్రమునను 2017 ప్రాంతమున బడికొస్తా యను పేరుతో ఉన్నత పాఠశాలల బాలికలకు సైకిళ్ళనిచ్చిరి. ఆ సైకిళ్ళు నేడు ఎన్నో యిండ్లలో గోడకానియున్నవి. బిడ్డ చదువు ముగించి వెడలిపోయినది, తల్లికి త్రొక్కరాదు. ఒక్క టైరు మార్చి, గొలుసునకు నూనె వేసినచో తల్లి నేర్చుటకు బండి సిద్ధము.

నేర్పు విధానమునకు మఱల ద్రైసు దగ్గఱకే పోవలెను. నేడు పెద్దలకు నేర్పు గురువులు చాలవఱకు చేయుచున్నదేమనగా, సైకిలునుండి రెండు పెడళ్ళును ఊడదీసి, రెండు పాదములును నేలను పూర్తిగా ఆనునట్లు సీటును దించి, 1817 నాటి బండినిగా మార్చుట. ఎడమ పెడలు మర ఎదురు దిక్కునకు తిరుగును. ఆ సంగతి తెలియక బలము ప్రయోగించినచో మర పాడగును. పిమ్మట నేర్చువాడు కూర్చుండియే నేలను తన్నుకొనుచు పోవును, పడునని తోచినప్పుడు కాలు ఆనించును. ఎవ్వరును వెనుక పట్టుకొనరాదు, పరుగెత్తరాదు. తన్నుకు తన్నుకు నడుమ పాదములు గాలిలో నిలుచు కాలము దినదినము పెరుగును. అది కొన్ని బారల దూరము వచ్చిన నాడు పెడళ్ళు బిగింపవచ్చును. ఇందులో పడుట లేదు. పడుట లేదు గనుక నవ్వును లేదు. పంట నూర్చిన తరువాత ఖాళీగా నుండు కళ్ళమునకు మించిన సాధనశాల దీనికి లేదు; నేల చదును, గట్టి, ఊరికి ఎడము.

ఇక రెండవ పోగు, బాట. కళ్ళములోనే నేర్పవలసిన బాట విద్యలు కొన్ని కలవు. ఒక చేయి విడిచి త్రొక్కుట, ఎందుకనగా తిరుగబోవు దిక్కును చేతితో చూపవలెను. తలను కుడి భుజముమీదుగా వెనుకకు త్రిప్పి చూచుచు, చక్రము గీత తప్పకుండ త్రొక్కుట. ఇది అన్నిటికన్న కష్టము. తల తిరిగినచోటికి చేతులు కూడ తిరుగును. సున్నముతో నేలమీద ఒక గీత గీచి, వెనుక నొకరు నిలిచి వ్రేళ్ళు చూపి, ఎన్ని వ్రేళ్ళో చెప్పుమని అడుగుచు సాధన చేయింపవలెను. ఈ యొక్కటి వచ్చినవాడే రోడ్డెక్కదగినవాడని నా నిశ్చయము.

రోడ్డుమీద మనవారు చేయు పెద్ద పొరపాటు తారు అంచునే అంటిపట్టుకొని పోవుట. అది జాగ్రత్త యని వారి యూహ. తారుకును ప్రక్క మట్టికిని నడుమ జానెడు దిగుడుండును. వెనుక లారీ హారను మ్రోగగానే చక్రము దిగుడులో పడును. మఱల ఎక్కింపబోయినచో టైరు అంచునకు రాచుకొని, మనిషి కుడివైపునకు, అనగా లారీ దిక్కునకే పడును. అంచునకు మూర, మూరన్నర లోపలగా, తిన్నని గీతలో పోవువానికి ఎడమ ప్రక్క తప్పుకొనుటకు చోటుండును, వెనుకవానికి కనబడుటయు బాగుండును. ఎదురుగా వచ్చు లారీని చూచుకొనవచ్చునని కుడి ప్రక్కన పోవువారు కొందఱు కలరు. నడచువానికి అది యుక్తమే గాని సైకిలువానికి చేటు. రెండు వేగములును కలిసి వచ్చి తాకును, మలుపులలో తిరుగు బండివాడు ఆ దిక్కునుండి సైకిలు వచ్చునని అనుకొననే యనుకొనడు.

మూడు పట్టణములకును బాట ఒక్కతీరు కాదు. ప్రొద్దుటూరున బంగారు అంగళ్ళు, బట్టల అంగళ్ళుగల వీధులలో వేగముతో పని లేదు. నడకకన్న మెల్లగా పడకుండ త్రొక్కుట, నిలిపియున్న ఆటో తలుపుకు బారెడు ఎడముగా పోవుట అక్కడి విద్య. మూటను క్యారియరుమీద ఒక ప్రక్కకు ఒరుగకుండ కట్టుటయు అందులోనిదే. జమ్మలమడుగు చుట్టు నల్లరేగడి. వాన కురిసిన నాడు ఆ మన్ను చక్రమునకును మడ్‌గార్డునకును నడుమ ఇఱుకుకొని బండిని కదలనీయదు, తారుమీదికి ఎక్కిన పిదప నూనె వలె జాఱును. పెన్న వంతెనమీద ప్రక్కకు తప్పుకొను చోటు తక్కువ గనుక వెనుక బరువు బండి వచ్చుచున్నప్పుడు ముందుగా దిగి, దానిని పోనిచ్చి, తరువాత ఎక్కుట పరువు తక్కువ కాదు. పులివెందుల దిక్కున ఎగుడు దిగుళ్ళు. అక్కడ బ్రేకే మొదటి పాఠము: ముందు బ్రేకు నొక్కదానినే బిగపట్టినచో తలక్రిందగుదురు, వెనుకదానిని ఒక క్షణము ముందుగా, తరువాత రెండును కలిపి, వాలు మొదలగుటకు ముందే పట్టవలెను.

ఆషాఢ మాసమున పడమటి గాలి మన మూడు తాలూకాలలోను మనిషిని ప్రక్కకు నెట్టును. లారీ ప్రక్కనుండి పోవునంతసేపు గాలి ఆగును, అది దాటగానే మఱల ఒక్కపెట్టున తాకును. క్రొత్తవాడు ఆ తాకుడుకు తూలును. కావున నేర్చుట ఆ గాలి లేవకముందే ముగియవలెను. విల్లర్డు లెక్క ప్రకారము దినమునకు పావుగంట, మూడు నెలలు. సంక్రాంతినాడు కళ్ళములో పెడళ్ళూడదీసిన వారు ఉగాది నాటికి, తెల్లవారుజామున లారీలు పలుచగా నుండు వేళ, పొరుగూరి దాక పోయి రావచ్చును.